ఆరు మంచాలు బయట పెట్టిన శుక్రవారం

నేను దర్జీని. ఈ మాట ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే దుబాయ్‌లో నాలుగేళ్ళు ఎవడూ నన్ను ఆ మాటతో పిలవలేదు. ఏజెంటు చూపించిన కాగితంలో టైలర్ అనే ఉంది. దిగిన మూడో రోజు సైటులో చేతికి పార ఇచ్చి ‘యల్లా, యల్లా’ అని తొందరపెట్టారు. అడిగితే ‘టైలర్ కా కామ్ బాద్ మే’ అన్నారు. వాళ్ళ నోట్లో మన్నుబడ, ‘తర్వాత’ అన్న ఆ బాద్ మే నేనున్నన్నాళ్ళూ రానే లేదు. కరీంనగర్ దగ్గర మా ఊళ్ళో నా చేతి ప్యాంటు కోసం పక్క ఊళ్ళ నుంచి పెళ్ళికొడుకులు వచ్చేవారు. కూలీలం ఉండే సోనాపూర్ క్యాంపులో నా సూదికి దొరికిన పనల్లా శుక్రవారం పూట గదిలోవాళ్ళ జిప్పులు మార్చడం, ఊడిన గుండీలు కుట్టడం.

రెండువేల ఆరులో, ఎండలు ముదురుతున్న రోజుల్లో, ఒక శుక్రవారం కార్డు గీకి నా భార్యకు ఫోన్ చేశాను. అప్పటికి ఎనిమిది నెలలుగా ఆమె తల్లిగారింట్లో ఉంటోంది. ‘ఎట్లున్నవ్’ అన్నాను.

“పెద్దమనుషులు మళ్ళ కూసుంటరట. ఈ ఆదివారం, వచ్చే ఆదివారం గాదు, ఆపై ఆదివారం. ఇది మూడోసారి. వస్తవా, రావా?” అంది.

“వస్త. ఈసారి పక్కా.”

“పోయినసారి గూడ పక్కా అన్నవ్.”

“కంపెనోడు పాస్‌పోర్టు ఇయ్యాలె గదనే...”

“గవన్నీ నాకు చెప్పకు. నువ్వు రాకుంటే ఆళ్ళే తెంపేస్తరు. నేను గూడ వద్దనను.”

మా కులంలో మొగుడూ పెళ్ళాల తగువు కోర్టు దాకా పోదు. కులసంఘం బిల్డింగులో కుర్చీలు వేసి, అటు కొందరు ఇటు కొందరు కూర్చుని తేలుస్తారు. మొదటిసారి మనిషి రాకపోతే ఓపిక పడతారు. రెండోసారీ పడతారు. మూడోసారి కూడా కుర్చీ ఖాళీగా ఉందంటే, రానివాడి కోసం ఎదురుచూసేదేముందని తెగదెంపుల కాగితం రాసేస్తారు. ఆ తర్వాత ఆమె ఎవరో, నేనెవరో. మొదటిసారి కంపెనీ పంపలేదు, నిజం. రెండోసారి మాత్రం సెలవు దొరికింది. ఓవర్‌టైమ్ బాగా వస్తోందని నేనే వద్దనుకున్నాను. నా చెప్పు తీసి నన్నే కొట్టాలి. ఫోన్ పెట్టేశాక అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. నాకు ఆమె కావాలి. ఇంతకాలం ఆమె నాదే కదా, ఎక్కడికి పోతుందిలే అనుకుని బతికాను. పదహారు రోజుల్లో ఆ కుర్చీలో నేను కూర్చోకపోతే పోతుంది.

మర్నాడు ముదీర్, అంటే మా మేనేజరు, దగ్గరికి వెళ్ళి సెలవు అడిగాను. కంపెనీలో మా పాస్‌పోర్టులన్నీ ఉండేది ఆయన బీరువాలోనే.

“ఛుట్టీ? తీన్ మహీనా బాద్ దేఖేంగే.”

మూడు నెలలాగితే అంతా అయిపోతుందని కాళ్ళు పట్టుకున్నాను. బూటు వెనక్కి లాక్కుని, ఫోన్ మాట్లాడుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. మంగళవారం డ్యూటీ నుంచి వచ్చి బస్సు దిగుతుంటే, మా గదుల మీద పెత్తనం చేసే క్యాంపు బాస్ పేరు పెట్టి పిలిచాడు. గేటు దగ్గర ముదీర్ కారు ఆగి ఉంది. ఇక పంపించేస్తున్నాడేమో, పోనీ అదైనా మంచిదే అనుకుంటూ వెళ్ళాను.

“తుమ్ టైలర్ హై నా?” అన్నాడు ముదీర్.

నాలుగేళ్ళలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయన. డిక్కీలోంచి ఒక పెద్ద సంచీ తీయించాడు. ఆయన భార్య ఏడాదిపాటు కూర్చుని రకరకాల ముక్కలు అతికి కుట్టిన పైగుడ్డ అది. లోపల పరవడానికి పల్చటి దూది పరుపు, కింద వేయడానికి ఇంకో గుడ్డ విడిగా ఉన్నాయి. కూతురి పెళ్ళి మంచానికట. ఆయన రజాయి అన్నాడు, మాకైతే అది బొంతే. మూడు పొరలనూ కలిపి కచ్చాకుట్టు వేసిస్తే మేడం మిషన్ మీద అసలు కుట్టు కుట్టుకుంటుంది. ఆమెకు మోకాళ్ళు వంగవు, నేల మీద కూర్చోలేదు. ఇల్లు చూస్తే పెళ్ళి చుట్టాలతో నిండిపోయింది.

“బుధ్‌వార్ తక్ టైమ్. అచ్ఛా హువా తో ఛుట్టీ. ఖరాబ్ హువా తో ఖలాస్,” అన్నాడు.

బాగుంటే సెలవు, చెడితే పని ఊడినట్టే. బుధవారం అంటే ఆ మర్నాడు కాదు, ఆపై వారంది. పెద్దమనుషులు కూర్చునే ఆదివారానికి ముందు బుధవారం. దేవుడే కారులో వచ్చాడనుకున్నాను.

కచ్చాకుట్టంటే తెలియనివాళ్ళకు చెబుతున్నాను. పొరలు జరగకుండా పట్టి ఉంచడానికి పొడుగు పొడుగుగా వేసే కుట్లు. అసలు కుట్టు అయ్యాక పీకి పారేస్తారు. పన్నెండో ఏట దుకాణంలో కూర్చున్నప్పుడు నాకు మొదట నేర్పింది అదే. దానిదేముంది, చిటికెల పని అనుకుంటూ సంచీ భుజాన వేసుకుని గదికి వచ్చాను. తలుపు తీశాక తెలిసింది నా తెలివి.

బొంత తొమ్మిదడుగులు ఇటు, తొమ్మిదడుగులు అటు. మా గదిలో ఒకదాని మీద ఒకటిగా పన్నెండు పడకలు, ఆరు ఇనప మంచాలు, పన్నెండు మందిమి. మధ్యలో సందు నాలుగడుగులు. ఆ సందులోనే మా పెట్టెలు, చెప్పులు, ఏసీ నీళ్ళు పట్టే బకెట్టు. బొంత మూడు పొరలూ ఒక్కసారి నేల మీద సాపుగా పడి ఉంటేనే కచ్చాకుట్టు పడుతుంది. ముక్కలు ముక్కలుగా వేయడానికి అదేమీ ప్యాంటు కాలు కాదు.

అయినా ముక్కలుగానే చూశాను, ఏం చేయను. పై పడక మీద సగం పరిచి కుట్టి, మడిచి, రెండో సగం తీసేసరికి కింది గుడ్డ పొంగిన పూరీలా లేచింది. అంతా విప్పాను. మర్నాడు, బుధవారం సాయంత్రం, వరండాలో పరిచాను. ఒక కొస పరిచానో లేదో పై తీగ మీది తడి లుంగీ నుంచి చుక్కలు పడ్డాయి, స్నానానికి పోయేవాడెవడో అంచు తొక్కాడు. గురువారం మెస్‌లో బల్లలు దగ్గరికి జరపబోతే వంటవాడు గరిటె పట్టుకుని ‘యే ఖానే కీ జగా హై’, తినే చోటిది అంటూ మీదికి వచ్చాడు. వాడిదీ తప్పు లేదు, ఆ బల్లలన్నీ పప్పు జిగురే. మేడ మీదికి తాళం. బయటంతా ఇసుక. ఎడారి అంత దేశంలో తొమ్మిదడుగుల చోటు లేకపాయెనే అని ఏడుపొచ్చింది. నిజంగానే ఏడ్చాను, సంచీ ఒళ్ళో పెట్టుకుని.

నా కింది పడక మా మేస్త్రిది. జగిత్యాల వైపు మనిషి, యాభై దాటినవాడు, గోడ కడితే గీత గీసినట్టుంటుంది. నా ఒళ్ళోంచి సంచీ తీసి పక్కన పెట్టాడు.

“ఏడ్సుడు బందు పెట్టు. రేపు పొద్దుగాల మంచాలు తీసేద్దాం.”

“క్యాంపు బాస్ సూస్తే?”

“ఆడు శుక్రవారం మార్కెటుకు పోతడు. పన్నెండున్నర దాకా రాడు. రోజూ ఇరవై అంతస్తుల షట్టరింగ్ విప్పెటోళ్ళం, ఆరు మంచాలు విప్పలేమా?”

గదిలో ఎవరూ కాదనలేదు. వారానికి ఒక్క రోజు నిద్ర అందరికీ. ఆ ఒక్క పొద్దునా ఎనిమిదింటికే పన్నెండు పరుపులూ ఎండలో ఇసుక మీద పెట్టారు. స్పానర్లు తెచ్చి మంచాలు విప్పారు. నేల రెండుసార్లు కడిగి, ఎండిన లుంగీలతో తుడిచారు. ఖాళీ అయిన ఆ గదిని చూస్తే మాదేనా అనిపించింది. గోడకూ బొంతకూ మధ్య అడుగున్నర మిగిలింది.

పెయింటర్ల దగ్గరి కాగితపు టేపుతో కింది గుడ్డను నేలకు బిగించి అతికాను. దాని మీద దూది పరిచి, దాని మీద మేడం కుట్టిన పైగుడ్డ వేశాను. మీగడ రంగు గుడ్డ, మధ్యలో చిన్న చిన్న పువ్వుల ముక్కలు. చేయి వేస్తే సిమెంటుకు పగిలిన నా వేళ్ళు దారాలను పట్టి లాగాయి. ఈ చేతులా నావి అనుకున్నాను. వేలి కొసలన్నిటికీ అదే టేపు చుట్టుకున్నాను. కాళ్ళు కడుక్కుని, ఉతికిన బనియను వేసుకుని, బొంత మీదికే ఎక్కి నడుమ నుంచి మొదటి వరుస మొదలుపెట్టాను.

కచ్చాకుట్టు వరుసలు జానెడుకొకటి, నిలువునా అడ్డంగా పడాలి. వరుస వంకరపోతే గుడ్డ పక్కకు లాగుతుంది, మడత పడుతుంది. దుకాణంలో అయితే రెండడుగులు వెనక్కి వేసి చూసుకునేవాణ్ణి. ఇక్కడ వెనక్కి వేస్తే వీపుకు గోడ. మొదటి వరుస అంచుకు చేరేసరికి నాలుగు వేళ్ళ మేర వంకర పోయింది. విప్పి మళ్ళీ వేశాను. ఈసారి రెండో వైపు పోయింది. తొమ్మిదిన్నర అయింది.

గడపలో నిలబడ్డ మేస్త్రి అన్నాడు, “నువ్వు గట్ల మోకాళ్ళ మీద ఉంటే వంకర గాక ఏమైతది? దారం కొట్టనా?”

దారం కొట్టడమంటే సైటులో రోజూ చూసేదే. రంగుపొడి నింపిన డబ్బీలోంచి దారం లాగి, ఇద్దరు చెరో కొసా బిగించి పట్టి, నడుమ వేలితో లాగి వదిలితే నేల మీద నిటారుగా గీత పడుతుంది. నాకు మహా సంతోషమైంది. దర్జీకి గీతలు కొత్తా? సుద్దతో గీస్తాం, కుట్టాక చేత్తో దులుపుతాం, పోతుంది.

“కొట్టన్నా, జల్ది కొట్టు,” అన్నాను.

ఒక కొస నేను పట్టాను, రెండోది ఆయన. టప్, టప్‌మని నిలువు పదకొండు, అడ్డం పదకొండు పడ్డాయి. ఎంత ముచ్చటగా ఉన్నాయో! ఎర్రగా, సమంగా, వేలెడు తేడా లేకుండా. అప్పుడు మొదటి గీత మీద చిన్న పొరపాటు కనిపించి, సుద్దను దులిపినట్టు అరచేత్తో దులిపాను. గీత పోలేదు. చేయంత వెడల్పు అయింది.

“అన్నా, ఇది పోతది గదా?”

“యాడికి పోతదిరా? వాన పడ్డా పోవద్దనే గదా ఎర్రది తెచ్చింది.”

నాకు తెలిసిన సుద్ద వేరు, ఆయనకు తెలిసిన రంగు వేరు. ఒకరినొకరం అడగనే లేదు. ఆ క్షణాన నా పెళ్ళాం, నా ఇల్లు, మిగిలిన తొమ్మిది రోజులు, అంతా ఆ ఎర్ర గీతల కిందే పోయిందనిపించింది. ఆ పెద్దమనిషిని, నా కోసం నిద్ర మానుకున్నవాణ్ణి, నోటికొచ్చినట్టు తిట్టాను. నా కొంప కూల్చావన్నాను. ముసలి ముండాకొడుకా అని కూడా అన్నాను. ఆయన డబ్బీ పక్కన పెట్టి గడపలో చతికిలబడ్డాడు. గదిలోవాళ్ళెవరూ నా వైపు చూడలేదు.

నీళ్ళు తగిలితే రంగు లోపలికి దిగుతుంది, అది మాత్రం తెలుసు. దుకాణంలో మా ఉస్తాద్ తెల్ల గుడ్డ మీద మిషన్ మసి పడితే గోధుమపిండి ముద్దతో అద్ది తీసేవాడు. అది గుర్తొచ్చింది. మధ్యాహ్నం రొట్టెలకని మా గదివాళ్ళు తడిపి పెట్టుకున్న పిండి ఉంది. దానిలో ఇంత పొడిపిండి కలిపి గట్టిగా పిసికి ముద్దలు చేశాను. పదిమంది చుట్టూ మోకాళ్ళ మీద వంగి, తలొక గీతా పట్టుకుని అద్దడం మొదలుపెట్టారు. రుద్దొద్దు, అద్దండి, అద్దండి అని నేను అరుస్తూనే ఉన్నాను. మేస్త్రి కూడా వచ్చి కూర్చున్నాడు. ముద్దలన్నీ గులాబీ రంగుకు తిరిగాయి. ఆ పూట ఎవరికీ రొట్టె లేకుండా పోయింది.

గీతలు చాలా మటుకు పోయాయి. పూర్తిగా పోలేదు. పాలలో చిటికెడు కుంకుమ పడ్డట్టు సన్నగా మిగిలాయి.

పదకొండయింది. తెల్ల దారంతో కుట్టితే రెండు పక్కలా ఆ ఎరుపు కనబడుతుంది. నా డబ్బాలో ఎర్ర దారం రీలు ఉంది. ఎర్ర దారంతో సరిగ్గా గీత మీదే కుట్టితే, ఆ ఛాయ దారానిదే అనుకుంటారు. కచ్చాకుట్టు పీకిన రోజున గానీ తెలియదు. ఆ రోజుకు నేను విమానం ఎక్కేసి ఉంటాను. అది మోసం. తెలిసే చేశాను. కూతురి పెళ్ళికని ఏడాది పాటు ఆ ముక్కలు అతికిన తల్లిని తలుచుకుంటూనే చేశాను.

ఇద్దరు సూదుల్లో దారం ఎక్కించి అందిస్తుంటే నేను బొంత మీద పాకుతూ కుట్టాను. నడుము పట్టేసింది, చెమట గుడ్డ మీద పడకుండా మెడకు తువ్వాలు చుట్టుకున్నాను. నిలువు వరుసలన్నీ, అడ్డం వరుసల్లో ఒకటి విడిచి ఒకటి పడితే ఇక పొరలు జరగవు, మిగతావి ఒళ్ళో పెట్టుకుని కుట్టుకోవచ్చు. అంతవరకూ అయ్యేసరికి పన్నెండుంపావు. బొంతను చుట్టి పైకెత్తగానే మంచాలు లోపలికి వచ్చేశాయి. ఆఖరి మంచానికి బోల్టులు బిగిస్తుండగా క్యాంపు బాస్ గుమ్మంలో నిలబడ్డాడు.

“క్యా హో రహా హై?”

“ఏసీ కా పానీ గిరా, సాబ్. సఫాయీ కర్ రహే,” అన్నాడు మేస్త్రి, తల ఎత్తకుండా. నేను పొద్దున అన్నేసి మాటలు అన్న మనిషే, ఏసీ నీళ్ళు కారాయన్న ఒక్క అబద్ధంతో బాస్‌ను పంపేశాడు. సాయంత్రం ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని క్షమించమన్నాను. “ఇంటికి పోయి నీ పెండ్లాన్ని తెచ్చుకో, పో,” అన్నాడు.

బుధవారం ఆఫీసుకు మేడం స్వయంగా వచ్చింది. బల్ల మీద బొంత పరిచి, ఈ కొస నుంచి ఆ కొస దాకా అరచేత్తో నిమిరింది. ఎక్కడా ముడత లేదు. “కిత్నా సీధా హై!” అంది. ఇంత సూటి కుట్టు తను ఎన్నడూ చూడలేదంది. నేను నేల చూస్తూ నిలబడ్డాను. తర్వాత ఆ గీతలు చూసి ఆమె ఏమనుకుందో, ఏమని తిట్టిందో నాకు తెలియదు. ఊరికి వచ్చాక నేను మళ్ళీ ఆ కంపెనీ గడప తొక్కలేదు. గురువారం ముదీర్ బీరువా తెరిచి పాస్‌పోర్టు చేతిలో పెట్టాడు.

శనివారం విమానం దిగి, బస్సులు మారి, ఆదివారం పొద్దున ఇంటికి కూడా పోకుండా నేరుగా కులసంఘం బిల్డింగుకే వెళ్ళాను. దారి పొడుగునా మాటలు పేర్చుకున్నాను. ఎట్లా వచ్చానో, ఎవరి కాళ్ళు పట్టుకున్నానో, ఎంత గోస పడ్డానో అన్నీ చెప్పాలి. నా కుర్చీ అక్కడే ఉంది. కూర్చున్నాను. ఆ కుర్చీలో కూర్చుంటే చాలు, గెలిచినట్టే అనుకుని వచ్చినవాణ్ణి. ఎదురుగా ఆమె తలొంచుకుని ఉంది.

“పిలగాడైతే వచ్చిండు గదా బిడ్డా. ఇగ నీ బాధేందో చెప్పు,” అన్నాడు పెద్దాయన.

ఆమె కవరులోంచి ఒక జాకెట్టు తీసి బల్ల మీద పెట్టింది.

“నేను చెప్ప. ఆయన దర్జీ గదా. సూసి ఆయన్నే చెప్పుమనుండ్రి.”

పెద్దమనుషులు అటూ ఇటూ తిప్పి చూశారు. చినిగిందా ఏంది, అని ఒకాయన నవ్వాడు. జాకెట్టు నా చేతికి వచ్చింది. మా పెళ్ళికి నేను కుట్టిందే. కొలత నాకు నోటికి వచ్చు. పెళ్ళయ్యాక ఆడపిల్ల ఒళ్ళు చేస్తుందని, రేపు విప్పుకోవడానికి పనికొస్తుందని, రెండు పక్కలా లోపల రెండేసి వేళ్ళ గుడ్డ ఎక్కువ వదిలి కుట్టాను. ఆ వదిలిన గుడ్డ అట్లాగే ఉంది, ఎవరూ విప్పలేదు. నా మిషన్ కుట్టుకు లోపలి వైపు, జాకెట్టును బిగువు చేస్తూ, చేతికుట్టు ఒక వరుస ఉంది. దానికి లోపల ఇంకో వరుస. దానికీ లోపల మూడోది, తెల్ల దారంతో, వంకర టింకరగా, ఓపిక లేని చేయి వేసింది. వేళ్ళు పెట్టి కొలిచాను. ఒక్కో పక్క మూడు వేళ్ళు తగ్గింది. అంత సన్నబడ్డ మనిషి ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. తల ఎత్తి ఆమెను చూశాను. వచ్చినప్పటి నుంచి ఎదురుగానే ఉంది, అప్పుడు చూశాను.

పేర్చుకొచ్చిన మాట ఒక్కటీ మిగల్లేదు.

“చెప్పవయ్యా, ఏముంది దాంట్ల?” అన్నారు పెద్దమనుషులు.

“తప్పు నాదే. ఆమె ఎట్లంటే గట్ల రాయుండ్రి,” అన్నాను.

తెగదెంపుల కాగితం రాశారు. ఆమె సంతకం పెట్టింది, నేనూ పెట్టాను. అందరూ లేచాక జాకెట్టు ఇంకా నా చేతిలోనే ఉంది. ఆమె చేయి చాపింది.

“ఇది నాకియ్యవా? నీకు కొత్తయి కుట్టి పంపుత,” అన్నాను.

“ఇయ్య,” అంది, మెల్లగా నా చేతిలోంచి తీసుకుని మడుస్తూ. “నాకు సరిపోయే జాకెట్టు గిదొక్కటే.”